మూడున్నర లక్షల్లో మా పెళ్లి: ఎక్కడ తగ్గించాం, ఎక్కడ తగ్గించలేకపోయాం

పోయిన ఎపిసోడ్ చివర్లో నా పెళ్లి అయిపోయిందని ఒక్క లైన్‌లో చెప్పాను. అప్పటి నుంచి "పిలవలేదేంటి" అనేవాళ్ళు సగం, "ఎంతయింది" అనేవాళ్ళు సగం. ఇవాళ రెండింటికీ సమాధానం చెప్తాను. లెక్కలతో సహా. మా నాన్న పర్మిషన్ తీసుకునే చెప్తున్నాను, ఎందుకంటే ఇందులో సగం కథ ఆయనదే.

ముందు 2018కి వెళ్దాం. అప్పుడు నేను బీటెక్ థర్డ్ ఇయర్. అక్క పెళ్లి. మాది సామర్లకోట దగ్గర ఊరు, నాన్నకి చిన్న కిరాణా కొట్టు. అక్క పెళ్లికి 900 మంది వచ్చారు. మొత్తం ఖర్చు 11 లక్షలు. అందులో 5 లక్షలు నాన్న దాచింది, 6 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది.

ఈ "రెండు రూపాయల వడ్డీ" అనే మాట వినడానికి చాలా చిన్నగా ఉంటుంది. సిటీలో పెరిగిన వాళ్ళకి అర్థం కాదు కూడా. అది నెలకి. నెలకి వందకి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 6 లక్షలకి నెలకి 12,000. ఏడాదికి 1,44,000. నాన్న ఐదేళ్లు కట్టాడు. ఐదేళ్లలో వడ్డీయే 7,20,000 అయింది, అసలు 6 లక్షలు మాత్రం అలాగే కూర్చుంది. 2019లో నాకు ఉద్యోగం వచ్చింది, చేతికొచ్చేది 25,000. అందులో 12,000 ప్రతి నెలా ఒకటో తారీఖున అక్క పెళ్లి వడ్డీకి వెళ్లేది. నేనేదో త్యాగం చేశానని చెప్పట్లేదు. ఇంట్లో అందరం అదే చేశాం. చివరికి 2023లో ఊళ్ళో ఉన్న ఐదు సెంట్ల స్థలం అమ్మి అసలు తీర్చారు. అక్కకి ఈ సంగతి మొత్తం తెలీదు. ఈ వీడియో చూస్తే తెలుస్తుంది. సారీ అక్కా.

కాబట్టి నా పెళ్లి మాట వచ్చినప్పుడు నేను, మా ఆయన (ఈ మాట ఇంకా అలవాటు కాలేదు) ఇద్దరం ఒకటే అనుకున్నాం. అప్పు వద్దు. పర్సనల్ లోన్ వద్దు, ఫోన్‌లో రెండు నిమిషాల్లో ఇచ్చే వెడ్డింగ్ లోన్ వద్దు, క్రెడిట్ కార్డ్ ఈఎంఐ వద్దు. ఇద్దరి దగ్గరా ఉన్నది కలిపితే ఎంత అవుతుందో అంతలో చేసుకుందాం. ఖర్చు రెండు వైపులా సగం సగం. కట్నం మాట అసలు లేదు. ఎక్సెల్ ఓపెన్ చేశాను. బడ్జెట్ 3,50,000.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. షీట్‌లో పెడితే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. నేను మొదటి వారం మొత్తం డెకరేషన్ ఎంత తగ్గించాలి, ఫోటోగ్రాఫర్‌తో ఎలా బేరమాడాలి అని రీల్స్ చూసుకుంటూ కూర్చున్నాను. పది వేలు ఇక్కడ, ఐదు వేలు అక్కడ. తర్వాత అక్క పెళ్లి పాత బిల్లులు తీసి చూస్తే అర్థమైంది. పూల మీద కిందా మీదా పడటం వల్ల పెద్దగా తేడా రాదు. ఖర్చుని నిర్ణయించేవి రెండే. ఎంతమంది వస్తారు, ముహూర్తం ఎన్నింటికి.

ముహూర్తం సంగతి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. మా గోదావరి వైపు రాత్రి ముహూర్తాలు ఎక్కువ. అక్కది రాత్రి 1 గంట దాటాక. అంటే రాత్రి భోజనం 900 మందికి. ముహూర్తం దాకా ఉన్నవాళ్ళకి అర్ధరాత్రి కాఫీలు. పడుకోవడానికి గదులు. తెల్లారి టిఫిన్ 250 మందికి. అప్పగింతలు అయ్యేసరికి మధ్యాహ్నం, మళ్ళీ 300 మందికి భోజనం. ఒక్క పెళ్లికి మూడు పంక్తులు! పైగా హాలు రెండు రోజుల అద్దె, లైటింగ్, జనరేటర్. అదే పగటి ముహూర్తం అయితే పొద్దున్న దగ్గరివాళ్ళకి టిఫిన్, మధ్యాహ్నం అందరికీ భోజనం, సాయంత్రానికి ఎవరింటికి వాళ్ళు.

మా పురోహితుడు గారిని అడిగాను. "పంతులుగారూ, పగటి పూట మంచి ముహూర్తం లేదా?" అని. ఆయన నవ్వి "ఉంటుందమ్మా, అడిగేవాళ్ళే లేరు" అన్నారు. శ్రావణమాసంలో ఒక బుధవారం, ఉదయం పదిన్నర దాటాక పెట్టారు. బుధవారం అని మా ఫ్రెండ్స్ తిట్టుకున్నారు గానీ, వీకెండ్ కాకపోవడం వల్ల హాలు దొరికింది, ఫోటోగ్రాఫర్ రేటు తగ్గించాడు. ఒక్కటే జాగ్రత్త: శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం వారం పూల జోలికి వెళ్లకండి, రేట్లు మండిపోతాయి. మేం ఆ వారం దాటాకే పెట్టుకున్నాం. పూలు కడియపులంక మార్కెట్‌కి మా బావ, నేను తెల్లవారుజామున వెళ్లి తెచ్చాం. బంతి, చామంతి, మామిడాకులు, అరటి పిలకలు. దానికీ, కట్టినవాళ్ళకీ కలిపి 18,000. స్టేజీ వెనకాల మా ఇద్దరి పేర్ల లైటు బోర్డు లేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఎక్కడ చేసుకున్నాం అంటే, అన్నవరం. మా ఆయన వాళ్ళది అనకాపల్లి. సామర్లకోట, అన్నవరం, తుని, అనకాపల్లి అన్నీ ఒకే రైల్వే లైన్ మీద ఉన్నాయి, మధ్యలో అన్నవరం. రెండు వైపులవాళ్ళూ పొద్దున్నే బయల్దేరి రావచ్చు. ఎలాగూ పెళ్లయ్యాక కొత్త జంటని సత్యనారాయణస్వామి వ్రతానికి అక్కడికే తీసుకెళ్తారు. పెళ్లి ఒక చోట, వ్రతం ఇంకో చోట, రెండు సార్లు బస్సు మాట్లాడటం ఎందుకు అని రత్నగిరి మీదే పెట్టేశాం. చిన్న హాలు, గదులు, పురోహితుడు, మేళం అన్నీ కలిపి 38,000 అయింది. రిటర్న్ గిఫ్టుల కింద ప్లాస్టిక్ డబ్బాలు కొనలేదు. తాంబూలంతో పాటు అన్నవరం ప్రసాదం ఇచ్చాం. ఆ ఆకు పొట్లం చేతిలో పెడితే ఎవరైనా వద్దంటారా చెప్పండి.

మీలో తిరుపతి వైపు వాళ్ళుంటే తిరుమలలో టీటీడీ కల్యాణ వేదిక ఉంది, పాపవినాశనం రోడ్డులో. అక్కడ పురోహితుడు, మంగళవాద్యం ఉచితమే. ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి, రూల్స్ ఉంటాయి, టీటీడీ వెబ్‌సైట్‌లో చదువుకుని వెళ్ళండి. మధ్యవర్తులకి డబ్బులివ్వకండి.

సరే. ఇప్పుడు అసలు గొడవ. మనుషుల లిస్టు.

నా షీట్‌లో నేను రాసుకున్నది రెండు వైపులా కలిపి 140 మంది. నాన్నకి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్లి ఒక పొడుగాటి నోట్ బుక్ తెచ్చాడు. చదివింపుల పుస్తకం. అక్క పెళ్లిలో ఎవరెవరు ఎంత చదివించారో ఊరు పేరు, ఇంటి పేరుతో సహా రాసిన పుస్తకం. 516, 1,116, ఒక బిందె, ఒక చీర, మళ్ళీ 516. మొత్తం 640 పేర్లు.

"వీళ్ళందరూ మనింటికి వచ్చి తిని, చదివించి వెళ్ళారు. వీళ్ళ ఇళ్ళల్లో పెళ్లిళ్లకి మనం వెళ్ళాం. ఇప్పుడు నీ పెళ్లికి పిలవకుండా ఎలాగమ్మా?" అన్నాడు.

నేను లెక్క మొదలుపెట్టాను. "నాన్నా, అక్క పెళ్లిలో చదివింపులు రెండు లక్షల నలభై వేలు వచ్చాయి. అవి కూడా క్యాటరింగ్ బాకీకే పోయాయి కదా. పైగా ప్రతి 516కీ మనం తర్వాత 1,116 చదివించాలి. అది కూడా అప్పేగా?"

"అప్పు కాదమ్మా. అది వరస."

దానికి నా దగ్గర ఫార్ములా లేదు.

నిజం చెప్పాలంటే, అప్పటిదాకా నేను మా నాన్న గొప్ప కోసం ఖర్చు పెడుతున్నాడనుకున్నాను. ఎక్కువమంది వీడియోల్లో చెప్పేది కూడా అదే కదా, "సొసైటీ కోసం పెళ్లిళ్లు చేయకండి" అని. మా నాన్న విషయంలో అది తప్పు. ఆయన కొట్టు నడిచేది ఆ 640 ఇళ్ళ మీద. అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు రాత్రి కారు తీసుకొచ్చింది ఆ పుస్తకంలో ఉన్న ఒకాయన. కరోనా టైంలో సరుకు అప్పు మీద తీసుకెళ్లి, తర్వాత పైసాతో సహా తెచ్చి ఇచ్చింది వాళ్ళే. వాళ్ళని పిలవకుండా నేను నా బడ్జెట్ కాపాడుకుంటే, ఆ ఖర్చు మా నాన్న మీద పడుతుంది. షీట్‌లో కనపడదు అంతే.

పదిహేను రోజులు ఇంట్లో మాటల్లేవు. అమ్మ మధ్యలో నలిగిపోయింది. చివరికి అక్కే ఫోన్ చేసి నాన్నతో ఏదో మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఇద్దరూ చెప్పరు. మర్నాడు నాన్న పుస్తకం, పెన్ను పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఎవరింటికి మనమే వెళ్ళి చెప్పాలో టిక్ పెడదాం" అన్నాడు.

మేం చేసింది ఇదీ. 640లో బాగా దగ్గరి ఇళ్ళు 45 తేలాయి. మూడు ఆదివారాలు నాన్న స్కూటర్ నడిపితే నేను వెనకాల కూర్చున్నాను. సంచిలో శుభలేఖ, పసుపు కుంకుమ, కాజా పెట్టె. ప్రతి ఇంట్లో నాన్నే మాట్లాడాడు. "అమ్మాయి పెళ్లి కొండ మీద స్వామి సన్నిధిలో చిన్నగా చేస్తున్నాం. హాలు చిన్నది, ఇంటికొకరు వస్తే సంతోషం. రాలేకపోయినా మీ దీవెన కావాలి. చదివింపులు తీసుకోవట్లేదు." మిగతా వాళ్ళకి నాన్న ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. వాట్సాప్‌లో శుభలేఖ ఫార్వర్డ్ చేసి వదిలెయ్యలేదు. ఆయన గొంతు పోయింది, నిజంగా, మూడు రోజులు పాలల్లో మిరియాలు.

ఎక్కువమంది బాగానే తీసుకున్నారు. ఒకావిడ, భర్త లేరు, ఇద్దరు ఆడపిల్లలు, గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుని "మంచి పని చేస్తున్నారమ్మా. మా మరిది వాళ్ళకి కూడా ఒకసారి మీ నాన్న చేత చెప్పించు" అంది. ఇంకో ఇంట్లో "ఏం, వ్యాపారం దెబ్బతిందా?" అని అడిగారు. నాన్న నవ్వేసి ఊరుకున్నాడు. స్కూటర్ ఎక్కాక చాలాసేపు మాట్లాడలేదు.

ఒక పెదనాన్న మాత్రం, నాన్నకి వరసకి అన్న, "మేం బరువైపోయామన్నమాట" అన్నాడు. నాన్న కూర్చుని ఎంత చెప్పినా వినలేదు. పెళ్లికి ఆ ఇంటి నుంచి ఎవరూ రాలేదు. అక్క పెళ్లిలో పందిరి రాట వేసింది ఆయనే. ఆ రోజు నాన్న రెండు మూడు సార్లు హాలు గుమ్మం వైపు చూడటం నేను పీటల మీద నుంచి చూశాను.

ఇక మిగతా లెక్కలు గబగబా చెప్పేస్తాను. భోజనానికి 150 ప్లేట్లు గ్యారంటీ ఇచ్చాం, ప్లేటు 320. తిన్నది 138 మంది, డబ్బులు మాత్రం 150కి కట్టాం. మీరు తక్కువ గ్యారంటీ ఇచ్చి, పది శాతం ఎక్కువైనా సర్దుతారా అని ముందే రాయించుకోండి. ఐటెమ్స్ 24 వద్దు, 11 పెట్టించాం. ముద్దపప్పు, ఆవకాయ, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు, గడ్డపెరుగు... ఎవరి ఆకులోనూ పెద్దగా మిగల్లేదు. టిఫిన్‌తో కలిపి 53,000. బట్టలు 62,000. ముహూర్తానికి ఎలాగూ మధుపర్కాలే కట్టుకుంటాం, అవి నేత బట్టలు, వేలకి వేలు పెట్టక్కర్లేదు. నాకంటూ కొన్న పెద్ద చీర ఒక్కటే, ఉప్పాడది, 14,000. మళ్ళీ కట్టుకుంటాను కూడా. ఫోటో వీడియో కలిపి 35,000, ప్రీ వెడ్డింగ్ షూట్ లేదు. రెండు వైపులా బస్సులు 22,000. శుభలేఖలు 6,000. పెళ్లి సామాన్లు, తాంబూలాలు, ప్రసాదం 21,000.

బంగారం దగ్గర మాత్రం ఆగాలి. 2025 ఏప్రిల్‌లో 24 క్యారెట్ల బంగారం పది గ్రాములు లక్ష తాకింది, గుర్తుందా? మాకు సరిగ్గా అప్పుడే అవసరం పడింది. పుట్టింటి సూత్రం, మెట్టింటి సూత్రం, గుండ్లు కలిపి ఒక కాసు, అంటే 8 గ్రాములు. వెండి మెట్టెలతో కలిపి 95,000. గొలుసు అమ్మదే, మెరుగు పెట్టించాం. షాపులో అందరూ గ్రాము రేటు అడుగుతారు. అది ఏ షాపులోనైనా ఇంచుమించు ఒకటే. అడగాల్సింది తరుగు ఎంత శాతం అని. ఒక చోట 14 అన్నారు, ఇంకో చోట అదే డిజైన్‌కి 9. కాసు మీద అది మూడు నాలుగు వేల తేడా. దాని మీద 3 శాతం జీఎస్టీ. వస్తువు మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబర్ ఉందో లేదో చూసి, బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా జీఎస్టీ తగ్గిస్తాం అంటే బయటికి వచ్చేయండి.

ఇవన్నీ కూడితే సరిగ్గా 3,50,000. నా ప్లాన్ పర్ఫెక్ట్ అనుకున్నాను. అవలేదు. ముందు రోజు రాత్రే దిగిన బంధువులకి అదనపు గదులు 9,000. మేళం వాళ్ళకి, వంటవాళ్ళకి, డ్రైవర్లకి ఈనాములు 4,000. పెట్టుబడి చీరలు చాలక చివరి రోజు తునిలో కొన్నవి 8,000. మొత్తం 3,71,000. నా వాటా 1,85,500. అందులో 65,000 నాన్న ఇచ్చాడు, మిగతాది నాది. మనిషికి ఎంతయిందో లెక్కేస్తే అక్క పెళ్లికి సుమారు 1,220, నాకు 2,690. అవును, తలసరి నాదే ఎక్కువ! చీరలు, బంగారం, ఫోటోలు మనుషుల్ని బట్టి తగ్గవు కదా. "పర్ ప్లేట్ ఇంతే పడుతుంది, ఇంకో వంద మందిని పిలవండి" అని ఎవరైనా అంటే ఆ వలలో పడకండి. కట్టాల్సింది మొత్తం.

షీట్‌లో లేని ఇంకో ఖర్చు ఉంది. ఆడపడుచు లాంఛనం. మా ఆడపడుచు అడగలేదు. అత్తయ్యగారు అడగలేదు. మా అమ్మే, నాకు చెప్పకుండా, కవరులో 10,116 పెట్టి ఇచ్చేసింది. నాకు నెల తర్వాత తెలిసింది. కట్నం లేదని వీడియోలో గొప్పగా చెప్పుకుందామనుకున్నాను, ఇప్పుడు ఈ లైన్ కూడా చెప్పాల్సి వచ్చింది. "అడక్కపోతే ఇవ్వకూడదా? రేపు నిన్నెవరూ ఒక మాట అనకూడదని" అంది అమ్మ. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు కాబట్టి ఎక్కువ వాదించలేదు. మా ఆయనకి చెప్తే వాళ్ళ చెల్లితో మాట్లాడాడు. ఆ అమ్మాయి ఆ డబ్బుతో అమ్మకి మిక్సీ, అత్తయ్యగారికి మిక్సీ కొనేసింది. లెక్క సరిపోయిందో లేదో నాకు తెలీదు.

ముహూర్తాలు, పీటలు ఏవీ అక్కర్లేదు అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు నా వ్యూయర్స్‌లో. మనకి అదేం కొత్త కాదు, త్రిపురనేని రామస్వామి చౌదరి గారు తెలుగులో పెళ్లి జరిపించడానికి ఎప్పుడో 'వివాహ విధి' రాశారు. చట్టపరంగా అయితే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. మాది 1955 హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకున్నాం. ఎలా చేసుకున్నా రిజిస్ట్రేషన్ మాత్రం వాయిదా వెయ్యకండి. శుభలేఖ ఒకటి, పెళ్లి ఫోటోలు, హాలు రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి. తెలంగాణ వాళ్ళు కల్యాణలక్ష్మి గురించి అడిగారు. 1,00,116 వస్తుంది, ఆదాయ పరిమితి ఉంది. కానీ ఏ రోజు చేతికొస్తుందో ముందే చెప్పలేం, దాన్ని చూపించి బయట వడ్డీకి తేకండి.

అక్క పెళ్లి రోజు నాన్న క్యాటరింగ్ వాళ్ళతో లెక్కలు చూసుకుని సాయంత్రం నాలుగింటికి ఇంత పెరుగన్నం తిన్నాడు. నా పెళ్లిలో రెండో పంక్తిలో మావయ్యగారి పక్కన కూర్చుని, బూరె రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ఆ ఫోటో ఉంది నా దగ్గర. పెట్టొద్దన్నాడు, పెట్టను.

చదివింపుల పుస్తకం ఇప్పటికీ కొట్టులో గల్లాపెట్టె కిందే ఉంది. మాకు తీసుకోకపోయినా, వాళ్ళ ఇళ్ళల్లో పెళ్లిళ్లకి నాన్న వెళ్ళి చదివిస్తూనే ఉన్నాడు, ఒక్కో పేరు పక్కన టిక్ పెడుతూ. వచ్చే మాఘంలో ఆ పెదనాన్న గారి మనవరాలి పెళ్లి. శుభలేఖ ఇంకా రాలేదు. నాన్న మాత్రం కవరు రెడీ చేసి పుస్తకంలో పెట్టుకున్నాడు. పిలవకపోయినా వెళ్తావా అని అడిగితే "చూద్దాం" అన్నాడు.

నా ఎక్సెల్ షీట్ లింక్ కింద ఇస్తున్నాను, కాపీ చేసుకుని మీ అంకెలు వేసుకోండి. ఈనాములకి, పెట్టుబడి చీరలకి ఈసారి విడిగా లైన్లు పెట్టాను. రిజిస్ట్రేషన్‌కి ఏ కాగితాలు తీసుకెళ్లాం, ఎన్నిసార్లు తిప్పారు అనేది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటాను.